ఉస్తానీ వదలమన్న ఖాళీ

మొన్న అల్పపీడనం పట్టుకుని విజయనగరంలో నాలుగు రోజులు వాన వదల్లేదు. మా వెనక గది గోడ చెమ్మెక్కి, చెక్క బీరువా కింది అరలో ఉన్న కాగితాలన్నీ తడిశాయి. పెన్షన్ కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, నేను బడిలో పాఠాలు చెప్పిన రోజుల నాటి నోట్సు, అన్నీ తీసి చాప మీద పరిచి ఫ్యాను వేశాను. తడిసిన కాగితానికి ఒక వాసన ఉంటుంది. కొంచెం బూజు, కొంచెం జిగురు, కొంచెం ఏటి ఇసుక. మా కోడలు ముక్కు మూసుకుని కిటికీ తెరిచింది. నేను ఆ వాసనలోనే కూర్చుండిపోయాను. ఆ కాగితాల మధ్య నలభై పేజీల బడి నోటుపుస్తకం ఒకటుంది. అందులో ఉన్నవి మొత్తం మూడే పంక్తులు. మూడో పంక్తి సగమే రాసి ఉంటుంది. ఆ పుస్తకం గురించి చెప్పాలంటే ఉస్తానీ గురించి చెప్పాలి. ఉస్తానీ గురించి చెప్పాలంటే నేను చేసిన పని కూడా చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, నా భర్తకి కూడా.

అరవైల చివర మేము సాలూరులో ఉండేవాళ్ళం. మా అబ్బా, అంటే నాన్న, లారీ డ్రైవరు. ఘాటెక్కి ఒరిస్సా మీదుగా రాయపూర్ వెళ్ళాడంటే మళ్ళీ వారానికి గాని ఇంటి ముఖం చూసేవాడు కాదు. లారీ షెడ్ల వెనక సందులో పాతిక ముస్లిం ఇళ్ళు, ఒక చిన్న మసీదు ఉండేవి. ఇళ్ళల్లో ఉర్దూ మాట్లాడతామని పేరే గాని, రెండో మాటకే ఊరి తెలుగులోకి జారిపోయేవాళ్ళం. సందు చివర పెంకుటింట్లో ఖైరున్ బీ ఒక్కతే ఉండేది. అరబ్బీ అక్షరాలు నేర్పి ఖురాన్ చదివించే ఆడమనిషిని మేము ఉస్తానీ అంటాం. సందులో ఆడపిల్లలందరికీ ఆవిడే ఉస్తానీ, మా అమ్మ చిన్నప్పుడు అమ్మకీ ఆవిడే. అరవై దాటిన మనిషి. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. పాత చీరలూ లుంగీలూ పొరలుగా పేర్చి బొంతలు కుట్టి బతికేది. బడి వదిలాక మేము ఎనిమిదిమందిమి వెళ్ళి, ముందు ఆవిడ సూదులకి దారాలు ఎక్కించి, తర్వాత చదువుకి కూర్చునేవాళ్ళం. అప్పటికే ఆవిడ రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. విజయనగరం పెద్దాసుపత్రిలో కోయించుకుంటే చూపు వస్తుందని అందరూ చెప్పేవారు. తీసుకెళ్తానని మాత్రం ఎవరూ అనలేదు.

మా చదువంటే అక్షరం గుర్తుపట్టడం, కూడబలుక్కోవడం, గొంతులో పలికేది గొంతులో, నాలుక చివర పలికేది నాలుక చివర పలకడం. అంతే. అర్థం ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. మా అమ్మ మూడుసార్లు ఖురాన్ మొదటి నుంచి చివరి దాకా చదివింది, ఒక్క ముక్క అర్థం తెలియకుండా. అది మా తప్పని కాదు. చెప్పేవాళ్ళు లేని చోట అలాగే నడిచింది. నాకేమో నోరు ఊరుకునేది కాదు. ఇంట్లో నన్ను వకీలనేవారు. పదకొండో ఏట ఒక సాయంత్రం చదువుతూ చదువుతూ ఆగి, ఉస్తానీ, దీనికి అర్థం ఏమిటని అడిగేశాను. పక్క పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఉస్తానీ దగ్గర కొలబద్ద ఉండేది, దాని దెబ్బ నాకు కొత్త కాదు. ఆవిడ కొలబద్ద తియ్యలేదు. బొంతలో దిగిన సూదిని అలాగే వదిలేసింది.

"నాకు తెల్దే," అంది.

పెద్దవాళ్ళ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. మా బడిలో లెక్కల మాస్టారు తనకి రాని లెక్కకి కూడా మమ్మల్నే కొట్టేవారు. మర్నాడు నేను వెళ్ళేసరికి ఉస్తానీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్నొక్కదాన్నీ దగ్గర కూర్చోబెట్టుకుంది. యాభై ఏళ్ళుగా చదువుతున్నానని, ఊళ్ళో ఇన్ని తరాల ఆడపిల్లల చేత చదివించానని, ఒక్కనాడూ అడగాలని తోచలేదని చెప్పింది. "నీకు తోసింది. మరి నాకెందుకు తోసలేదంటావు?" అని నన్నే అడిగింది. పదకొండేళ్ళ పిల్ల దానికేం చెబుతుంది? అర్థం తెలుసుకోకుండా కళ్ళు మూసుకుపోతే పైన ఏం మొహం పెట్టుకుని నిలబడాలని ఆవిడ దిగులు. ఆ దిగులు ఆ రోజు మొదలై చివరిదాకా ఆవిడను వదల్లేదు. అది అంటించింది నేనే.

ఆ వారమే మా పని మొదలైంది. ఉస్తానీకి అరబ్బీ రాయడం వచ్చు, తెలుగు రాదు. నాకు తెలుగు వచ్చు. అబ్బా చేత లావుపాటి నోటుపుస్తకం ఒకటి తెప్పించింది. దానికి గళ్ళ లుంగీ గుడ్డతో రెండు పొరల అట్ట కుట్టింది, బొంతకి వేసినట్టే దగ్గర దగ్గరగా కుట్లు వేసి. ఎడం వైపు పేజీలో ఆవిడ వెదురు కలంతో, మొహం కాగితానికి ఆనించి, ఒక్కో మాట పెద్ద అక్షరాలతో రాసేది. కుడివైపు పేజీ నాది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక నేను మసీదు దగ్గరికి వెళ్ళి ఇమాం గారిని ఒక్క మాటకి అర్థం అడిగి వచ్చి, కుడివైపున తెలుగులో రాయాలి. వారానికి ఒక్కటే మాట. అంతకు మించి అడిగితే ఆయనకి విసుగొస్తుందని ఆవిడ భయం. వెళ్ళేముందు నా చేత వజూ చేయించేది. నమాజుకి ముందు చేసినట్టే చేతులూ నోరూ మొహం కడుక్కుని, తడిచేత్తో తల తుడుచుకుని, కాళ్ళు కడుక్కోవాలి. అడగడానికి వెళ్ళడానికి ఇదంతా ఎందుకని సణిగాను. తెలుసుకోవాలని బయల్దేరడం కూడా నమాజుకి బయల్దేరినట్టేనంది. నా తడి పాదాల ముద్రలు గుమ్మం దాకా పడితే, సరిగా కనబడని కళ్ళతో వాటి వైపే చూస్తూ కూర్చునేది.

ఆవిడ పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. ఇమాం గారికి తీరిక లేకపోయినా, ఆయనకే తెలియకపోయినా, ఆ మాట పక్కన ఖాళీగా వదిలెయ్యాలి.

"ఖాళీ ఉంటే రేపు మళ్ళీ అడుగుతాం. ఏదోటి రాసీసినామనుకో, ఇంకెప్పుడూ అడగం. అంచేత తెల్దంటే తెల్దనే ఉంచు, సిగ్గేటి?" అంది.

ఇమాం గారు కడప వైపు నుంచి వచ్చిన మనిషి, చిన్నవాడే. ముగ్గురు పిల్లలు, అరకొర బతుకు. మంచివాడు కాదని చెప్పలేను. మొదట్లో గుమ్మంలో నిలబడి ఓపిగ్గానే చెప్పేవాడు. తెలియకపోతే లోపలికెళ్ళి ఉర్దూ పుస్తకం తిరగేసి వచ్చేవాడు. రబ్ అంటే పుట్టించి, పెంచి, సాకేవాడని చెప్పిన రోజు నేను పరుగెత్తుకొచ్చి రాశాను. ఉస్తానీ ఆ ఒక్క మాటనీ సూదితో పాటు బొంతలో కుడుతున్నట్టు సాయంత్రమంతా అనుకుంటూనే ఉంది. రహ్మాన్ అంటే అపారమైన దయ గలవాడని తెలిసిన వారం బెల్లం పరమాన్నం వండి మాకు పెట్టింది. ఏడాదిన్నర అయ్యేసరికి డెబ్బై దాకా మాటలు చేరాయి, ఓ పదిహేను ఖాళీలతో సహా. ఆవిడ చూపు మాత్రం ఆ ఏడాదిన్నరలోనే పూర్తిగా పోయింది. అప్పట్నుంచి మాటలు నేనే రెండు వైపులా రాసేదాన్ని. ఆవిడ పుస్తకం పట్టుకుని కుట్లు తడిమి, కళ్ళకద్దుకుని, పై గూట్లో పెట్టమనేది.

ఈలోగా సందులో గొణుగుళ్ళు మొదలయ్యాయి. బొంతలు కుట్టుకునే ముసల్దానికి అర్థాలెందుకు, చిన్నపిల్లని మసీదు గుమ్మం మీదికి పంపడమేమిటి అని. అప్పట్లో ఊరే బాగులేదు. కొండల్లో గొడవలని పోలీసు వ్యాన్లు రోజూ ఘాటు వైపు వెళ్ళేవి. ఎవరేం అడిగినా అనుమానంగా చూసే రోజులు. దసరా సెలవుల్లో ఒక శుక్రవారం ఉస్తానీ నాకు అప్పజెప్పిన మాట సమద్. రోజూ నమాజులో చదువుకునే చిన్న సూరాలో, అంటే ఖురాన్ అధ్యాయంలో, అల్లాను పిలిచే మాట అది. ఆ మాట ఎందుకు కావాలో కూడా చెప్పింది. యాభై ఏళ్ళు చిలకలా పలికినందుకు ఆయన కోప్పడతాడేమోనని భయం వేస్తోందని, ఆయన ఎలాంటివాడో ఆ మాటలో ఉంటుందని ఆశ అని. నేను వజూ చేసుకుని వెళ్ళాను. ఇమాం గారు మసీదు పెద్దలతో మాటలు పడి ఉన్నాడు కాబోలు, నన్ను చూడగానే మొహం మాడ్చుకున్నాడు. ఇక రావద్దన్నాడు. ఇవి దారినపోయే పిల్లల చేతికిచ్చే మాటలు కావన్నాడు. పది మంది మగవాళ్ళు చూస్తుండగా అన్నాడు.

తిరిగి వస్తున్నంతసేపూ నా చెవులు మండిపోయాయి. ఖాళీ వదిలెయ్యమని ఆవిడ చెప్పనే చెప్పింది. కానీ ఇక మీదట అన్నీ ఖాళీలేనని ఆవిడకి ఎలా చెప్పను? నన్ను తిట్టి పంపారని చెప్పడానికి నా పరువు ఒప్పుకోలేదు. పైగా గుమ్మంలో ఆవిడ చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంది. ఏటన్నారే అని అడిగింది.

"కోపం లేనివాడు అంట," అన్నాను.

ఎలా వచ్చిందో తెలియదు ఆ మాట నా నోటికి. ఆవిడకి కావలసింది అదేనని తెలుసు కాబట్టి వచ్చిందని ఇప్పుడు అనుకుంటాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. రాయమంది. రాశాను. రాసిన చోటు మీద వేలు పెట్టించుకుంది. తర్వాత నెలరోజులు నేను చూసిన ఉస్తానీ వేరే మనిషి. పిల్లల్ని కొట్టడం మానేసింది. కొలబద్ద పొయ్యిలో పెట్టేసింది. నమాజులో ఆ సూరా దగ్గరికొచ్చేసరికి గొంతు మెత్తబడేది. నాకు మాత్రం అన్నం సహించేది కాదు. ఏ బొంకు బొంకినా క్షమాపణ ఉంటుందేమోగాని దేవుడి మీదే బొంకితే ఎలా? అయినా నోరు విప్పలేదు. ఇప్పుడు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

రంజాన్‌కి వారం ముందు ఒక ఇంట్లో ఆడవాళ్ళంతా కలిశారు. అక్కడ ఉస్తానీ సంతోషం పట్టలేక ఆ అర్థం అందరికీ చెప్పేసింది. ఇమాం గారి భార్య కూడా ఉంది అక్కడ. తనెప్పుడూ ఆ మాట వినలేదే, ఇంటికెళ్ళి ఆయన్ని అడుగుతానంది. ఉస్తానీ గొప్పగా, "అడుగమ్మా, మీ ఆయన సెప్పిందే," అంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆయన్ని అడిగితే పుస్తకం తెప్పిస్తారు. పుస్తకంలో నా చేతిరాత ఉంది.

మాలో ఒక ఆచారం ఉంది. అరబ్బీ అక్షరం ఉన్న కాగితం చిరిగినా, చెదలు పట్టినా చెత్తలో వెయ్యం, తొక్కం. ఒక గుడ్డసంచిలో దాచి, ఏడాదికోసారి రాయి కట్టి పారే నీళ్ళల్లో కలిపేస్తాం. మా సందులో రంజాన్‌కి ముందొచ్చే ఆదివారం ఆ పని చేసేవారు. వానాకాలం వెళ్ళి వేగావతిలో నీళ్ళు ఇంకా నిండుగా ఉండే రోజులు. ఉస్తానీ ఇంట్లో ఏటా పెద్ద సంచి తయారయ్యేది, ఆ ఏడాది పిల్లల చదువుల్లో చిరిగిన పేజీలన్నీ అందులోనే. ఆ ఆదివారం పొద్దున్న సంచి దింపడానికి నేనే ముక్కాలిపీట ఎక్కాను. గూట్లో సంచి పక్కనే గళ్ళ గుడ్డ అట్ట పుస్తకం. ఆవిడ కింద కూర్చుని ఉంది. నేను పుస్తకం తీసి సంచిలోకి, చిరిగిన పేజీల మధ్యకి తోసి మూతి బిగించాను. నిమిషం కూడా పట్టలేదు.

"పుస్తకం పైనే ఉన్నాది కదే? జాగర్త," అంది ఆవిడ.

ఉందన్నాను.

అబ్బా ఆ రోజు ట్రిప్పు నుంచి దిగి ఉన్నాడు. సంచి ఆయనే భుజాన వేసుకున్నాడు. ఈసారి బరువెక్కువున్నాదేటి అన్నాడు. నేను వెనక నడిచాను. ఒడ్డున రాయి కడుతుంటే నాలుగు పేజీలు జారి తడి ఇసుకలో పడ్డాయి. అవి ఏరి మళ్ళీ సంచిలో కుక్కాను. ఇందాక చెప్పిన వాసన అక్కడిదే. అబ్బా మొల్లోతు నీళ్ళల్లోకి దిగి బిస్మిల్లా అని వదిలాడు. సంచి ఉబ్బి, ఒకసారి పక్కకి ఒరిగి, మునిగిపోయింది. కాసేపు బుడగలొచ్చాయి. ఎంతో భక్తిగా చేసే పనిలో నేను అంత పాపం దాచానని పక్కన నిలబడిన వాళ్ళెవరికీ తెలియదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఇమాం గారి భార్య ఇంటికెళ్ళి పిల్లాడి జ్వరంలో పడి, ఆయన్ని అడగడమే మర్చిపోయింది.

రంజాన్ మొదలయ్యాక ఉస్తానీ ఒక కోరిక కోరింది. రోజా, అంటే ఉపవాసం, విడిచే వేళకి ముందు వచ్చి పుస్తకంలో రెండేసి పేజీలు చదివి వినిపించమంది. నేను బడి నోటుపుస్తకం కొత్తది ఒకటి పట్టుకెళ్ళి, పేజీలు తిప్పుతూ గుర్తున్నవి గుర్తున్నట్టు అప్పజెప్పాను. అలా నాలుగు రోజులు నెట్టాను. పుస్తకం అడిగినప్పుడల్లా చేతులు తడిగా ఉన్నాయనో, గూట్లో పెట్టేశాననో తప్పించుకున్నాను. అయిదో రోజు సమద్ దగ్గరికి వచ్చాం. నేను చదివిన చోటు చూపించమని చెయ్యి చాపి, నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. వేళ్ళు అట్ట మీద ఒకసారి అటూ ఇటూ తిరిగి ఆగిపోయాయి. నున్నటి కాగితం అట్ట. కుట్లు లేవు.

నేను ఏడుపు మొదలుపెట్టాను. అంతా చెప్పేశాను, తిట్టి పంపిన దగ్గర్నుంచి ఏటి దాకా. ఆవిడ అడ్డు రాలేదు. నేను అయిపోయిందన్నాక అడిగింది.

"అయితే సమద్ అంటే ఏటి?"

"తెలీదు ఉస్తానీ. నేను అడగనేలేదు."

ఆవిడ మొహం వాడిపోవడం నేను దగ్గరగా చూశాను. పుస్తకం పోయినందుకు కాదు. "అయితే కోప్పడతాడేమోనే," అంది, చాలా మెల్లగా, తనలో తను అన్నట్టు. నెలరోజులు ఆవిడ తల దాచుకున్న చోటు అది. అది నేనే ఇచ్చాను, నేనే పీకేశాను. నన్ను కొట్టి ఉంటే బాగుండేదని ఈ వయసులోనూ అనుకుంటాను. ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు. లేచి వజూ చేసుకు రమ్మంది. కలం తియ్యమంది. మొదటి నుంచి రాద్దామంది. రబ్ రాశాను, పక్కన అర్థం రాశాను. రహ్మాన్ రాశాను, పక్కన అర్థం రాశాను. మూడోది సమద్ అని చెప్పింది. రాశాను.

"పక్కన ఖాళీ వదిలీ. రేపెల్లి అడుగు. తిడితే తిట్టనీ, తిట్టినా అడుగు," అంది.

నేను మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఆ గుమ్మంలో మళ్ళీ మాటలు పడతానని భయం. ఆవిడ మళ్ళీ ఒక్కసారి కూడా గుర్తుచెయ్యలేదు. రోజాలతో నీరసించి ఉందేమో, రంజాన్ సగంలో ఛాతీలో కఫం పట్టి మంచం ఎక్కింది. ఆవిడ అడగమన్నాక పదకొండో రోజు మా అమ్మ వచ్చి ఉస్తానీ మాట్లాడటం లేదని చెప్పింది. అప్పుడు వజూ చేసుకుని పరుగెత్తాను. ఇమాం గారు నన్ను చూసి ఏమీ అనలేదు. మాట అడిగితే కూర్చోబెట్టి చెప్పాడు. ఎవరి అవసరమూ లేనివాడు, అందరూ తమ అవసరాలు మోసుకుని ఎవరి దగ్గరికి చేరతారో ఆయన, అని. ఇది అంత తిప్పలు పడి అడగాల్సిన మాట కాదు తల్లీ, ఆ రోజే చెప్పి ఉండాల్సిందని కూడా అన్నాడు.

నేను వెళ్ళేసరికి గది నిండా ఆడవాళ్ళు. ఆవిడ శ్వాస గురగురమంటోంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. రెండుసార్లు చెప్పాను. అవసరాలు మోసుకొచ్చిన వాళ్ళందరూ చేరే చోటు ఆయనే ఉస్తానీ, అన్నాను. వింటున్నట్టు ఏ గుర్తూ లేదు. చెయ్యి పట్టుకుంటే చెయ్యి నొక్కలేదు. విందని చెప్పుకుని బతికెయ్యొచ్చు, చాలామంది అలాగే బతుకుతారు. నాకు తెలియదు. తెలియదనే ఉంచాను. సాయంత్రం మగ్రిబ్ అజాన్ కాకుండానే ఆవిడ పోయింది. ఆ రోజు ఆవిడకి కప్పిన బొంత మా అమ్మ పెళ్ళి చీరతో ఆవిడే ఎప్పుడో కుట్టింది.

తర్వాత నేను చదువుకున్నాను, టీచర్ ట్రైనింగ్ అయ్యాను, ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాను. అరబ్బీ భాష కూడా నలభై దాటాక కూర్చుని నేర్చుకున్నాను. ఏట్లో కలిసిన డెబ్బై మాటల అర్థాలూ ఇప్పుడు నాకు తెలుసు. ఆదివారాలు మా వీధి ఆడపిల్లలు నలుగురు వస్తారు. చదువుతూ చదువుతూ ఎవరో ఒకరు ఆగి, దీనికి అర్థం ఏంటి నానీ అంటారు. తెలిసింది చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను. అప్పుడు వజూ చేసుకుని, చెప్పులు వేసుకుని, తెలిసినవాళ్ళ ఇంటికి అడగడానికి బయల్దేరతాను. మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని ఈ ఎండలో ఇప్పుడే వెళ్ళాలా, ఫోన్ చెయ్యొచ్చుగా అంటుంది కోడలు. రేపు వెళ్ళొచ్చుగా అని కూడా అంటుంది. రేపు వెళ్ళను. ఆ రోజే వెళతాను.

నోటుపుస్తకం మొన్న సాయంత్రానికి ఆరింది. చాప దగ్గర కూర్చుని కోడలు పేజీలు విడదీస్తూ, మూడో పంక్తి సగంలో వదిలేశారేం అత్తమ్మా, మర్చిపోయారా అంది. మర్చిపోలేదన్నాను. పెన్ను ఇవ్వనా అని అడిగింది. వద్దన్నాను. పుస్తకం తీసుకుని, చెమ్మ తగలని చోట, పై అరలో పెట్టాను.